సువర్ణమ్మగారు అందించిన మధ్య సైజు

ఆపరేషన్ సామాను ఆవిరితో ఉడికించే ఆటోక్లేవ్ మూత తెరిచినప్పుడు ఒక వాసన వస్తుంది. ఉడికిన నూలుగుడ్డల వాసన, దాని అడుగున కాస్త ఇనుము వాసన. మొన్న మా అమలాపురం ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సు పిల్ల మూత తీసి, ఆవిరి ముఖానికి కొట్టేసరికి "అబ్బ!" అని వెనక్కి జరిగింది. నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను. ఆ ఆవిరి వెనక నుంచి సువర్ణమ్మగారు చేతులు తుడుచుకుంటూ వస్తారనిపించింది. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. మనసుకు ఆ లెక్కలు పట్టవు.

సువర్ణమ్మగారు మా ఆపరేషన్ థియేటర్ హెడ్ నర్సు. రాజోలు మనిషి. తాత పొలాల్లో కూలి, తండ్రి మిషన్ బడిలో పంతులు, ఈవిడ నర్సు. కొబ్బరిచెట్ల మీంచి పడ్డ, కాయలు దింపే కార్మికులవీ, మోటారుసైకిళ్ళ మీంచి పడ్డ కుర్రాళ్ళవీ విరిగిన దవడలు ముప్పై ఏళ్ళు చూశారు. ముఖం చితికి వచ్చిన మనిషి అంతకుముందు ఎలా ఉండేవాడో భార్యని గుచ్చిగుచ్చి అడిగి తెలుసుకునేవారు. నేనేమో పెద్ద ఊళ్ళో ముఖాల సర్జరీ చదివి, పట్టా చేతికొచ్చిన వేడిలో ఈ ఆసుపత్రిలో చేరాను. నన్ను "డాక్టరు బాబూ" అనేవారు. అందులో గౌరవం ఎంతో వెటకారం ఎంతో నాకెప్పుడూ తేలలేదు.

అందం కోసం ఆపరేషన్‌కి వచ్చేవాళ్ళు మా వైపు అప్పుడప్పుడే మొదలయ్యారు. గడ్డం బాగా లోపలికి ఉంటే, కింద పెదవి లోపలివైపు కోసి, గడ్డం ఎముక మీద చిన్న సిలికాన్ ముక్క అమరుస్తాం. చిన్నది, మధ్యది, పెద్దది అని మూడు సైజులు. వాటి మధ్య తేడా రెండు మూడు మిల్లీమీటర్లే. నేను ఎక్స్‌రే మీద గీతలు గీసి సైజు తేల్చేవాణ్ణి. ఆవిడ పేషెంటును వరండాలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఊరి సంగతులన్నీ అడిగేవారు.

"ఏంటండీ సిస్టర్‌గారూ, పెళ్ళిచూపులా?" అన్నాను ఒకసారి, ఒకాయనతో మాట్లాడి ఆవిడ లోపలికి వస్తుంటే.

"ఆయ్, పెళ్ళిచూపులేనండి. మీరు ఫొటోకి సైజు చూస్తున్నారు, నేను మనిషికి చూస్తున్నాను. ఆయన నోరు మూసుకున్నప్పుడు గడ్డం మీద చర్మం ఎలా బిగుస్తుందో చూసేరా? అక్కడ చోటు లేదండి బాబూ. పెద్దది కుక్కితే పెదవి ఏమైపోవాలి?"

చూడలేదు. చూశానని చెప్పాను.

ప్రశాంతి ఆ తర్వాత ఏడాది వచ్చింది. కొత్తపేటలో ఒక ప్రైవేటు బడిలో టీచరు, ఇరవై ఆరేళ్ళు. గడ్డం మెడలోకి కలిసిపోయినట్టుండేది. పిల్లలు బోర్డు మీద బాతు బొమ్మ వేసి, దాని కింద ఆమె పేరు రాశారట. ఆ మాట చెబుతూ నవ్వబోయి ఏడ్చేసింది. కూర్చోబెట్టి చూశాం, మాట్లాడించాం. ఆమె, నేను, సువర్ణమ్మగారు ముగ్గురం కలిసి మధ్య సైజు అనుకున్నాం.

ఆపరేషన్ రోజు, పూర్తి మత్తుకు ముందు ఇచ్చే మగత మందు ఇంజెక్షన్ పడ్డాక, టేబుల్ మీద నా చెయ్యి పట్టుకుంది. "డాక్టరుగారూ, పెద్దదే పెట్టేయండి. ఇంతా చేయించుకుని ఎవరికీ కనపడకపోతే తట్టుకోలేనండి." సరేనన్నాను. నిజం చెప్పొద్దూ, నా పనితనం పదిమందికి కనపడాలని నాకూ ఉంది.

సమయం వచ్చినప్పుడు సువర్ణమ్మగారు మధ్య సైజు అందించారు.

"పెద్దది ఇవ్వండి."

"మందు ఎక్కాక అడిగింది అడగడం కాదండి బాబూ."

"ఆమె ముఖం, ఆమె ఇష్టం."

"ఇది పడుకున్న ముఖమండి. చర్మం వెనక్కి జారిపోయి ఉంటుంది. నిన్న కూర్చోబెట్టి చూసిందే నిజమండి."

మత్తు డాక్టరు వింటున్నాడు. నాకు ఒళ్ళు మండింది. "సర్జన్ మీరా, నేనా?" అన్నాను. ఆవిడ మధ్య సైజు ట్రేలో పెట్టి పెద్దది అందించారు. అది పట్టడానికి ఎడమవైపు జాగా ఇంకాస్త వెడల్పు చేయాల్సి వచ్చింది. పెదవికి స్పర్శనిచ్చే నరం అక్కడే ఉంటుంది. నాకు తెలుసు. తెలిసే చేశాను.

వాపు తగ్గాక గడ్డం కనపడింది. అదొక్కటే కనపడింది. కింద పెదవి ఎడమ సగం కిందికి జారిపోయింది. నీళ్ళు తాగితే కారేవి, కారుతున్నట్టు ఆమెకు తెలిసేది కాదు. ఒకరోజు పాఠం చెబుతుంటే చొంగ పుస్తకం మీద పడింది. ఈసారి పిల్లలెవరూ నవ్వలేదట. ముందు బెంచీలో పాప లేచొచ్చి జేబురుమాలు ఇచ్చిందట. మర్నాటి నుంచి ఆమె బడికి వెళ్ళలేదు. మూడు నెలలకు ఆ ముక్క తీసేశాను. పెదవి కొంత పైకి వచ్చింది. స్పర్శ రాలేదు.

ఇలాంటివి జరగవచ్చని వాళ్ళు సంతకం పెట్టిన కాగితంలో ఉంది. నేను ఆ కాగితం చాటున దాక్కుందామనే చూశాను, పిరికివెధవని. సువర్ణమ్మగారు ఊరుకోలేదు.

"కాగితం సంగతి వాళ్ళకీ తెలుసండి. వాళ్ళింటికెళ్దాం పదండి."

"వెళ్ళి ఏం చెప్పమంటారు?"

"జరిగింది చెప్పండి. తిడితే తిట్టించుకుందాం. ఇద్దరం వెళ్దాం. చేతికందించింది నేనే కదండి."

కొత్తపేటలో వాళ్ళమ్మ మాకు కుర్చీలు వేసింది. ప్రశాంతి నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆ రుమాలు చాటునుంచే అడిగింది: "మధ్యదే పెట్టి ఉంటే నాకిలా అయ్యేది కాదా అండి?"

"చెప్పలేం" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. డాక్టర్లకు అది ఎప్పుడూ సిద్ధంగా ఉండే మాట. సువర్ణమ్మగారు నావైపు చూడలేదు, నేలవైపే చూస్తున్నారు.

"అయ్యేది కాదమ్మా. సిస్టర్‌గారు వద్దన్నారు. నేనే వినలేదు."

"ఆయ్" అంది ప్రశాంతి. అంతే. వాళ్ళమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. లోపలినుంచి ఏడుపు వినపడింది. ఎవరూ నన్నొక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో, ఈ పని మానేస్తానన్నాను. ఓదారుస్తారనుకున్నాను, సిగ్గులేకుండా.

"మీరు మానేస్తే ఆ పిల్లకేంటండి ఉపయోగం?" అన్నారావిడ. "ఏడాదికోసారి వెళ్ళి చూడండి. నరం వస్తే వస్తుంది. రాకపోతే, రాలేదని మీ చేత్తో ముట్టుకుని మీరే తెలుసుకోండి. నేనూ వస్తాను."

బతికున్నన్నాళ్ళూ వచ్చారు. చివరి ఏడాది ఆయాసంతో నాలుగు మెట్లు ఎక్కలేకపోయినా వచ్చారు.

ఇప్పుడు ప్రతి పేషెంటునీ కూర్చోబెట్టి మాట్లాడిస్తాను. ముందురోజు అనుకున్న సైజు టేబుల్ మీద మార్చను. ఏ నర్సు వద్దన్నా చెయ్యి ఆపుతాను. మంచి అలవాట్లే. వీటివల్ల ప్రశాంతికి ఒరిగిందేమీ లేదు.

పోయిన నెల ఒక్కణ్ణే వెళ్ళాను. ఇంటి దగ్గరే పిల్లలకు ట్యూషన్ చెబుతోంది, నన్ను చూసి వాళ్ళను పంపేసింది. కళ్ళు మూసుకోమన్నాను. దూది పీచుతో కుడివైపు రాయగానే "తెలుస్తోందండి" అంది. తర్వాత ఎడమవైపు, పెదవి నుంచి గడ్డం చివరిదాకా, మెల్లగా మూడుసార్లు రాశాను. నాలుగోసారి కాస్త ఒత్తి రాశాను. ఆమె కళ్ళు తెరవకుండానే అడిగింది:

"ఎడమవైపు ఇంకా మొదలుపెట్టలేదా అండి?"