జారే మంచాలు

జర్మనీ లడాయి రోజుల్లో నిజాం రాజ్యంలో సగం మంది నేల మీద పడుకున్నారంటే దానికి కారణం కరువూ కాదు, లడాయీ కాదు. ఎల్లారెడ్డి హన్మండ్లు. అతను కూర్చుని లేచిన మంచానికి నులక మిగిలేది కాదు. నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు, మధ్యలో గాలి.

ఈ మాట పర్శరాములుది. ఎల్లారెడ్డి ఊళ్లో సంత జరిగే అంగడి పక్కన అతనికి సైకిళ్ల దుకాణం ఉండేది. మంచి సైకిళ్లు కిరాయికి ఇచ్చేవాడు, కిరాయికి పోయి విరిగివచ్చినవి బాగుచేసేవాడు. మూడో తరగతిలో బడి మానేశాడు. పంతులు దగ్గర ఉన్న చదువంతా అప్పటికే అయిపోయిందని, ఇంకా కూర్చుంటే పంతులుకే చిన్నతనమని లేచి వచ్చానని చెప్పుకునేవాడు. అతని నోట పడితే దూడ ఏనుగయ్యేది. పక్కన హన్మండ్లు ఉంటే మాత్రం, కథ మంచి పట్టు మీద ఉండగా, "దూడనే" అనేవాడు. అంతే. ఆ ఒక్క మాటకు ఏనుగు అక్కడికక్కడే కూలిపోయేది.

హన్మండ్లు తమలపాకుల వ్యాపారి. వారానికి రెండుసార్లు సైకిల్ మీద కామారెడ్డి స్టేషనుకు పోయి, రైలు దిగిన ఆకుల బుట్ట వెనక కట్టుకుని, పన్నెండు కోసుల దూరం తొక్కుకుంటూ వచ్చి ఎల్లారెడ్డి అంగడిలో అమ్మేవాడు. లడాయి వల్ల కొత్త టైర్లు దొరకడం మానేశాయి. ఉన్న టైర్లు అరిగి అరిగి పర్శరాములు బట్టతలకంటే నున్నగా అయ్యాయి. వాన పడితే సైకిల్ ముందుకు పోయేది తక్కువ, పక్కకు పోయేది ఎక్కువ.

అందుకని హన్మండ్లు సైకిల్ చక్రాలకు నులక చుట్టడం మొదలుపెట్టాడు. నులక అడ్డం వస్తుందని మడుగార్డులు పీకేశాడు. బ్రేకు పట్టదని చెప్పుతో ఆపేవాడు. అతను వానలో తొక్కుకుంటూ పోతుంటే వెనక చక్రం చిమ్మిన బురద నడుము నుంచి తలపాగా దాకా గీతగా ఎక్కేది. ఎదురుగా చూస్తే మనిషి, వెనక నుంచి చూస్తే గోడ.

"సైకిల్‌కు దెబ్బ తాకిందా అన్నా, కట్లు కట్టినవు?" అని అడిగేవాళ్లు.

"తాకకుండ కట్టిన."

నులక ఎక్కడిదనేదే అసలు చిక్కు. హన్మండ్లు ఎవరింటికైనా వచ్చేవాడు, మంచం కాళ్ల వైపు కూర్చునేవాడు, మాట్లాడేవాడు. మాట్లాడుతుండగానే వేళ్లు వాటి పని అవి చూసుకునేవి. అతను లేచిపోయాక చూస్తే కాళ్ల వైపు జానెడు నులక మాయం. పర్శరాములు దుకాణం ముందు ఒక మంచం ఉండేది. హన్మండ్లు దాని మీద నాలుగు వారాలు కూర్చున్నాడు. అయిదో వారం పర్శరాములు దాని మీద కూర్చోబోయి నేరుగా భూమి మీద కూర్చున్నాడు.

"ఏందిరా ఇది, నా మంచం ఏడ పాయె?"

"మంచం ఈడనే ఉన్నది. నులక తీసిన."

"ఇయ్యి మరి."

"లేదు. రోడ్డు తిన్నది."

నిజమే అనిపించేది. పోయేటప్పుడు చక్రాలకు దిట్టంగా నులక ఉండేది. వచ్చేటప్పుడు చక్రాలు బోడిగా ఉండేవి. పన్నెండు కోసుల రోడ్డు నులకను అరగదీసి తినేసిందని అందరూ అనుకున్నారు. అంత పిరికివాడు సైకిల్ ఎందుకు ఎక్కాలని కూడా అనుకున్నారు.

ఆ రోడ్డు మీద పిరికితనం పుట్టించే చోటు ఒకటే ఉండేది. లింగంపేట దాటి ఎల్లారెడ్డి వైపు వస్తుంటే తగిలే నూనెగడ్డ. నల్లరేగడి ఏటవాలు. వాన పడితే దాని మీద కాలు పెట్టిన మనిషి ఎక్కడికి పోవాలో మనిషి చేతిలో ఉండేది కాదు. సైకిల్ దిగి నడిస్తే సైకిలూ మనిషీ వేర్వేరుగా పడేవాళ్లు, ఎక్కి తొక్కితే కలిసి పడేవాళ్లు. ఒకసారి ఒక పెండ్లి బృందం గడ్డ మీది నుంచి జారి, పోవలసిన ఊరికి కాక ఎదురుగా పోతున్న ఇంకో పెండ్లిలో కలిసిపోయిందనీ, భోజనాలయ్యాక గాని తేడా తెలియలేదనీ పర్శరాములు చెప్పేవాడు. ("పెండ్లి కాదు, ఇద్దరు మనుషులు," అనేవాడు హన్మండ్లు. "భోజనం మాత్రం చేసిండ్రు.")

గడ్డ కింద చంద్రవ్వ అనే ముసలామె బుట్టలో వేయించిన పల్లీలు పెట్టుకుని కూర్చునేది. పడ్డవాళ్లు లేచి, ఒళ్లు తడుముకుని, సిగ్గు పోయేదాకా ఆమె దగ్గర కూర్చుని పల్లీలు నమిలేవాళ్లు. తర్వాత వంకరపోయిన హ్యాండిల్‌ను పర్శరాములు దుకాణానికి తెచ్చేవాళ్లు. ఆ గడ్డ మీద రెండు కుటుంబాలు బతికేవి.

ఆ సంవత్సరం వానాకాలం మధ్యలో ఊరికి అర్థంకాని సంగతి ఒకటి జరిగింది. నూనెగడ్డ మీద మనుషులు పడడం మానేశారు.

ముందు ఎవరూ నమ్మలేదు. గడ్డ మొదట్లో కళ్లు మూసుకుని, పళ్లు బిగించి, ఇష్టదైవాన్ని తలుచుకుని దిగేవాళ్లు, కళ్లు తెరిచేసరికి కింద నిలబడి ఉండేవాళ్లు. ఏం చేయాలో తోచక కాసేపు చుట్టూ చూసేవాళ్లు. రాజంపేట నుంచి వచ్చిన ఒకాయన, పడలేదు కాబట్టి ఇది నూనెగడ్డ కాదనుకుని, దారి తప్పానని వెనక్కి తిరిగిపోయాడు.

"ఏమైందే అవ్వా?" అని పర్శరాములు చంద్రవ్వను అడిగాడు. అతని దుకాణంలో పని లేక పది రోజులైంది.

"నన్నడుగుతవేందిరా. పొద్దంత కూసున్న. ఒక్కడు పడలే. వాన సక్కగ పడుతున్నది, మనుషులే పడుతలేరు."

"నీ పల్లీలు?"

"ఇంట్ల మేమే తింటున్నం. నీ దుకానం?"

"నేను సుత పల్లీలు తిందామనే వచ్చిన."

ఇటు ఊళ్లో ఇంకో వింత. రోడ్డు మీద జారుడు తగ్గిన కొద్దీ మంచాల మీద జారుడు పెరిగింది. కాళ్ల వైపు నులక లేక మంచాలన్నీ ఏటవాలుగా దిగిపోయాయి. పడుకున్నవాళ్లు మెల్లగా జారి, పొద్దునకల్లా మంచం కింద తేలేవాళ్లు. నూనెగడ్డ మీద మనుషులను పడేసే దయ్యమేదో ఊళ్లోకి కాపురం వచ్చిందని కొందరన్నారు. ఈ రెండు సంగతులకూ సంబంధం ఉందని మాత్రం ఎవరికీ తట్టలేదు. మూడో తరగతి చదివిన పర్శరాములుకు కూడా తట్టలేదు.

దయ్యం చివరికి పోలీసు పటేలు ఇంటికే వచ్చింది. పటేలు ఇంట్లో ఎర్ర రంగు అద్దిన నులకతో అల్లిన మంచం ఉండేది. అల్లుడు వస్తేనే దాన్ని వాల్చేవాళ్లు. అల్లుడు వచ్చాడు, మధ్యాహ్నం తిని పడుకున్నాడు. లేచేసరికి తల దిండు మీదే ఉంది, మిగతా అల్లుడు నేల మీద ఉన్నాడు. అల్లుడు వస్తున్నాడని కబురు రాగానే వాల్చిన ఆ మంచం మీద, మూడు రోజుల కింద ఆకులివ్వడానికి వచ్చిన హన్మండ్లు కూర్చున్నాడని పటేలు భార్యకు గుర్తుకొచ్చింది.

హన్మండ్లును పిలిపించారు. మంచాలు పోయినవాళ్లంతా వచ్చారు. కూర్చోవడానికి మంచం లేక నిలబడ్డారు.

"నులక నువ్వే తీసినవా?" అన్నాడు పటేలు.

"నేనే తీసిన."

"ఎందుకు?"

"రోడ్డుకు."

"రోడ్డు మంచం మీద పండుకుంటదారా?"

"పండుకోదు."

"మరెందుకు?"

"జారుతున్నరని."

"ఎవరు? జారేది మా అల్లుడు."

"అది సుత నిజమే," అన్నాడు హన్మండ్లు.

పటేలు తల పట్టుకున్నాడు. అడిగినదానికల్లా జవాబు వస్తోంది, ఒక్కటీ అర్థం కావడం లేదు. అర్థం కానప్పుడు ఏం చేయాలో పటేళ్లకు తెలుసు.

"ఊరోళ్ల నులక ఊరోళ్లకు ముట్టేదాక నీ సైకిల్ నా అరుగు మీద ఉంటది. ఇంకెవడన్న నీకు సైకిల్ ఇస్తే అది సుత ఈడికే వస్తది. ఇంటున్నవా పర్శరాములు?"

"ఎల్లుండి కామారెడ్డిల ఆకు దిగుతది, పటేలా," అన్నాడు హన్మండ్లు.

"దిగనియ్యి."

"కుళ్లుతది."

ఆ ఒక్క మాట వెనక ఏముందో పర్శరాములుకు తెలుసు. ఒక బుట్ట కుళ్లితే ఆ అంగడి రోజు బేరం పోతుంది. రెండు అంగళ్లు పోతే గిరాకీ బాన్సువాడ ఆకుల వ్యాపారుల చేతికి పోతుంది. తర్వాత సైకిల్ వచ్చినా దాని మీద మోయడానికి ఏమీ ఉండదు. "నులక ఏం చేసినవో సక్కగ చెప్పరాదురా," అని బయటికి వచ్చాక బతిమిలాడాడు. "చెప్పిన గద," అన్నాడు హన్మండ్లు, అర్థం కానట్టు.

మర్నాడు పటేలు లింగంపేటలో వియ్యంకుడి దగ్గరికి పోవలసి వచ్చింది. ముసురు పట్టింది, బురదకు బండి కదలదు. అరుగు మీద ఉన్న హన్మండ్లు సైకిల్‌నే బయటికి తీశాడు. పర్శరాములు ఇంకో సైకిల్ వేసుకుని వెంటబడ్డాడు. దారిలో బతిమిలాడి సైకిల్ విడిపించాలని ఒక ఆలోచన. అంత లావు పటేలు నూనెగడ్డ మీద పడితే ముందుగా తానే చూడాలని ఇంకో ఆలోచన. రెండో ఆలోచనకే కాళ్లు ఎక్కువ జోరుగా తొక్కాయి.

పోయేటప్పుడు ఎక్కుడు కాబట్టి దిగి తోసుకుంటూ పోయారు. తిరిగి వచ్చేటప్పుడు గడ్డ పైన పటేలు ఆగాడు. కింద చంద్రవ్వ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆశగా పైకి చూసింది.

"సైకిల్ దిగుదామా పటేలా, నడుస్తరా?"

"నేను దిగుతనారా? నీ పని నువ్వు చూసుకో."

పటేలు తొక్కాడు. బోడి టైర్లు, కారుతున్న వాన, పుట్టెడు మనిషి. సైకిల్ దడదడమంటూ, గడప దాటే బండిలా కుదుపుతూ, నిటారుగా కిందికి పోయి చంద్రవ్వ ముందు ఆగింది.

పటేలు దిగాడు. తనను తాను తడిమి చూసుకున్నాడు.

"నేనెందుకు పడలే?"

"ఏమో పటేలా."

"అందరు పడుతరు గద."

"పడుతుండే."

పటేలు సైకిల్ పైకి తోసుకుపోయి మళ్లీ దిగాడు. మళ్లీ పడలేదు. ఎవరో తనను మోసం చేస్తున్నట్టు అతని మొహం ఎర్రబడింది. పర్శరాములు నడిమధ్యకు పోయి, చెప్పు విడిచి, కాలితో బురదనూ, దాని కింద పరిచిన మొరం కంకరనూ గీకాడు. మొరం కింద ఈతమట్టలు తగిలాయి. అడ్డం ఒక వరస, నిలువు ఒక వరస. వాటిని కలుపుతూ, అచ్చం మంచానికి అల్లినట్టు, నులక. ఇంకొంచెం గీకితే తన దుకాణం మంచం నులక కనిపించింది. దాని పక్కన ఎర్ర నులక.

పటేలు వంగి చూశాడు.

"ఇది మా అల్లునిది."

చంద్రవ్వ కూడా ఆయాసపడుతూ పైకి వచ్చింది. "పోయినేడు గీడనే జారిపడ్డ," అంది. "బుట్ట పాయె, పల్లీలన్ని బురదల కలిసె. మీరందరు నవ్విండ్రు. నువ్వు సుత నవ్వినవు పర్శరాములు."

"నవ్వలేదే అవ్వా, దగ్గిన."

"నవ్వినవు. హన్మండ్లు ఒక్కడు నవ్వలే. కాలు ఏడ పెట్టినవ్ అవ్వా, ఏడ జారింది అని అడిగిండు. సూపెట్టిన. గంతే, పోయిండు. పెద్దవాన పడి నేను ఇంట్ల ఉన్నప్పుడు చేసినట్టున్నడు." ఆమె కాలితో ఎర్ర నులకను ఒకసారి నొక్కి చూసింది. "ఈ యేడు నేను సుత పడలే. గిరాకి లేదని ఏడ్సుకుంట గది యాది మరిచిన."

పటేలు ఊళ్లోకి రాగానే సైకిల్ హన్మండ్లు ఇంటి ముందు పెట్టాడు.

"నిన్న చెప్పొచ్చు గదరా," అన్నాడు.

"చెప్పిన గద పటేలా. రోడ్డుకు అని."

పటేలు ఇంకేమీ అడగలేదు. అడిగితే జవాబు చెబుతాడని భయం. మర్నాడు హన్మండ్లు కామారెడ్డి పోయి ఆకు తెచ్చాడు, ఒక్క ఆకు కుళ్లలేదు. ఆ తర్వాత ఊరివాళ్లు పాత నులక, తెగిన మోట తాళ్లు అతని వాకిట్లో తామే పడేసి పోయేవాళ్లు. అయినా అతను ఎవరింటికైనా వస్తే మంచం నిలబెట్టి పీట వేసేవాళ్లు. గడ్డ దిగినవాళ్లు పడకపోయినా, అలవాటు కొద్దీ, చంద్రవ్వ దగ్గర కూర్చుని పల్లీలు తినేవాళ్లు. పర్శరాములు దుకాణం మాత్రం హ్యాండిళ్లు లేక ఎండిపోయింది. ఆ తీరిక అంతా అతను హన్మండ్లు కథకే పెట్టాడు. చెప్పిన కొద్దీ కథ సాగింది. నూనెగడ్డ నుంచి మొదలైన అల్లిక ఒక దిక్కు ఎల్లారెడ్డి అంగడి దాకా, ఒక దిక్కు కామారెడ్డి స్టేషను దాకా పోయింది. సగం రాజ్యం మంచాలు అందులో కలిశాయి. దాని మీద నిద్రపోతూ కూడా సైకిల్ తొక్కవచ్చు.

ఒకరోజు ఈ మాట వింటున్న మాచారెడ్డి మనిషి ఒకడు, అయితే వానలో జోరుగా పోవచ్చన్నమాట అని సైకిల్ ఎక్కబోయాడు. పక్కన ఆకులు తుడుచుకుంటున్న హన్మండ్లు తల ఎత్తాడు.

"సగం రాజ్యం కాదు, పదకొండు మంచాలు. అల్లింది గా ఒక్క గడ్డనే. మిగిలిన రోడ్డు జారుతది, చూసి తొక్కుండ్రి."