నోటి తూటాల చలికాలం

ఆ రోజుల్లో బహ్రెయిన్‌లో మన తెలుగువాళ్లు నలుగురు చేరితే మొదట అడిగేది ఊరు, రెండోది డ్యూటీ. మా శుక్రవారం ప్రార్థన ఫెలోషిప్‌లో కొత్తగా వచ్చినవాళ్లు ఆ రెండో ప్రశ్న అడిగినప్పుడు "తుపాకుల క్లబ్బులో" అని చెప్పి, వాళ్ల కళ్లు పెద్దవయ్యే దాకా ఆగేవాణ్ని. "అక్కడ ఏం చేస్తావు బాబూ?" అని అడిగితే మాత్రం "టీ ఇస్తాను" అని గొంతు తగ్గించి చెప్పేవాణ్ని. పాతికేళ్ల వయసులో మనిషికి తన ఉద్యోగంలో ఏ సగం గట్టిగా చెప్పాలో, ఏ సగం మెల్లిగా చెప్పాలో బాగానే తెలుస్తుంది. ఇప్పుడు తలుచుకుంటే, నేను టీ ఇచ్చిన ఆ ఏళ్లలో టీ కంటే కాస్త పెద్ద పని చేసింది ఒక్క చలికాలమే. అది తూటాలు దొరకని చలికాలం.

క్లబ్బు ఊరికి దూరంగా ఇసుకలో ఉండేది. ఆడే మనిషి తుపాకీ భుజానికి ఆనించి "పుల్" అని అరుస్తాడు. వెనక బటన్ దగ్గర కూర్చున్నవాడు నొక్కితే, గోతిలో ఉన్న మెషీన్ ఒక మట్టి పళ్లాన్ని గాల్లోకి విసురుతుంది. నారింజ రంగులో, టీ సాసరంత ఉంటుందది. కింద పడేలోగా దాన్ని పేల్చి పగలగొట్టాలి, అంతే ఆట. బటన్ దగ్గర కూర్చునేవాడు మా భాయ్. నిజామాబాద్ మనిషి, వయసులో నాకంటే బాగా పెద్ద, క్లబ్బు వ్యాను కూడా ఆయనే నడిపేవాడు. (ఏళ్ల తరబడి బహ్రెయిన్‌లో ఉంటూ ఇంటికి ఫోన్ చేసినప్పుడు "నేను దుబాయిల మంచిగున్న" అనేవాడు. ఇది దుబాయి కాదు కదా భాయ్ అంటే, "మా అమ్మకు గదే సమజైతది తమ్మీ, నీకేమైతుంది?" అనేవాడు.) టీ ఇవ్వడం, కాల్చేసిన తూటాల డొల్లలు ఊడవడం, పగలకుండా పడిన పళ్లేలను ఇసుకలోంచి ఏరుకు రావడం నా వంతు.

తూటాలు పుష్కలంగా ఉన్నన్నాళ్లూ మెంబర్ల చేతికి ఎముక ఉండేది కాదు. జుఫైర్ నుంచి వచ్చే ఒక విదేశీయుడు ఉండేవాడు. అతని పేరు మాకు నోరు తిరగక పొడుగాయన అనుకునేవాళ్లం. పళ్లెం పగిలాక గాల్లో ఇంకా తేలుతున్న ముక్కను కూడా సరదాకి కాల్చేవాడు. మెంబర్లందరిలోకీ పెద్దాయన హాజీ సాబ్, ఇక్కడి మనిషే, ఉద్యోగం చేసి రిటైరయినవాడు. ఆయన గురి తప్పితే ఆ కోపమంతా ఎదురుగా ఉన్న ఇసుక దిబ్బ మీద చూపించి ఇంకొకటి పేల్చేవాడు. పాపం ఆ దిబ్బ ఏం చేసిందని? సాయంత్రానికి డొల్లలు నేను చీపురుతో కాదు, పారతో ఎత్తాల్సి వచ్చేది.

ఆ తర్వాత సరుకు రావడం ఆగిపోయింది. ఎక్కడో యుద్ధమట, తూటాలు చేసే ఫ్యాక్టరీలన్నీ అటు తిరిగాయట, ఓడలు ఆలస్యమట. కారణం వారానికొకటి మారేది గానీ ఖాళీ అయిన బీరువా మాత్రం మారలేదు. మా మేనేజర్ మెంబరుకు వారానికి ఒక చిన్న పెట్టె చొప్పున రేషన్ పెట్టాడు. దాంతో మనుషులే మారిపోయారు. పొడుగాయన "పుల్" అని పిలిచేవాడు, పళ్లెం పైకి లేచేది, ఒక్క క్షణం దాన్ని చూసి నచ్చలేదన్నట్టు తుపాకీ దించేసేవాడు, బండి దగ్గర వంకాయ తిప్పి చూసి మళ్లీ బుట్టలో పడేసినట్టు. హాజీ సాబ్ తన తూటాలను తెల్లటి తోబ్ అనే పొడుగు అంగీ జేబులో వేసుకుని, సాయంత్రం దాకా వాటిని తడుముకుంటూ తిరిగి, ఒక్కటి కూడా కాల్చకుండా ఆఫీసులో అప్పగించి వెళ్లిపోయేవాడు. ఇదివరకు సలాం తర్వాత పిల్లలు బాగున్నారా అనుకునేవాళ్లు ఇప్పుడు నీ దగ్గర ఎన్ని మిగిలాయని అడిగేవారు. అడిగినవాడికీ చెప్పినవాడికీ కూడా ఆ లెక్క అబద్ధమని తెలుసు. తుపాకులు మాత్రం ఎన్నడూ లేనంత శుభ్రంగా మెరిసేవి, ఎందుకంటే వాటిని తుడవడం తప్ప చేసే పని లేదు. మెల్లగా తుడవడానికి కూడా రావడం మానేశారు.

ఇక్కడే నా గుండెల్లో రాయి పడింది. మెంబర్లు రాకపోతే టీ ఎవరికి? మేనేజర్ ఓ రోజు నన్నూ భాయ్‌నీ చూసి, "ఇద్దరు అవసరమా" అని తనలో తను అనుకున్నట్టు పైకే అన్నాడు. ఈ సంగతి మా బావకు తెలిసింది. (నేనే చెప్పాను. కష్టం వస్తే బావకు చెప్పుకోవడం, ఆ తర్వాత ఎందుకు చెప్పానా అని బాధపడటం నాకు మొదట్నుంచీ అలవాటు.) మా అక్క భర్త, నన్ను ఈ దేశం తీసుకొచ్చినవాడు, మామీర్ పక్కన ప్లాంటులో ఫోర్‌మన్. మహూజ్‌లో మా రూముకు వచ్చి నా మంచం మీదే కూర్చుని, "ఏరా, టీలు పోసుకుంటా ఎన్నాళ్లుంటావ్? మా దాంట్లోకొచ్చెయ్. డ్యూటీకి డ్యూటీ, ఓవర్‌టైంకి ఓవర్‌టైం. మా క్యాంపులో నా పైమంచం ఖాళీగా ఉంది" అన్నాడు. ఆ పైమంచం మాట వినగానే నాకు ఏడుపొచ్చింది. మా బావ గురక కింది మంచంలో మొదలై పైమంచాన్ని ఊపుతుందని మా అక్క పెళ్లైన కొత్తలోనే చెప్పింది. అదొక్కటే కాదు, నాకు ఆ క్లబ్బంటే ఇష్టం. ఆ ఆకాశం, ఆ ఇసుక, పళ్లెం లేచిన క్షణంలో అందరూ మాట ఆపి పైకి చూడటం. ఈ మాట బావకు చెబితే నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేవాడు.

అలాంటి ఒక మధ్యాహ్నం హాజీ సాబ్ ఒక్కడే వచ్చాడు. తూటాలు జేబులోనే ఉంచుకుని, తుపాకీ విప్పి ఖాళీగా ఉందని భాయ్‌కి చూపించి, "కన్ను మరిచిపోకుండా ఒక్కటి వదులు" అని హిందీలో అడిగాడు. (ఆయన హిందీ నాకంటే బాగుండేది. నా హిందీ కంటే నా అరబ్బీ బాగుండేది. నాకు అరబ్బీలో కానివ్వమనే యల్లా, అయిపోయిందనే ఖలాస్ తప్ప రావు.) పళ్లేలకు కొదవ లేదు కాబట్టి భాయ్ నొక్కాడు. పెద్దాయన గొట్టం పళ్లెం వెంట అందంగా తిరిగింది. ట్రిగ్గర్ మాత్రం నొక్కలేదు. ఖాళీ తుపాకీ ట్రిగ్గర్ నొక్కితే లోపల సూది పాడవుతుందని క్లబ్బు రూలు. వెనక టీ ట్రేతో నిలబడ్డ నాకు, గొట్టం పళ్లాన్ని సరిగ్గా కలుసుకున్న చోట ఏదో వెలితిగా అనిపించింది. నా ప్రమేయం లేకుండానే నా నోరు "ఢాం" అంది.

హాజీ సాబ్ మెల్లగా వెనక్కి తిరిగాడు. నా ఉద్యోగం ఆ నిమిషంలోనే పోయిందనుకున్నాను. ఆయన గంభీరంగా, "తగిలిందా?" అని అడిగాడు. పళ్లెం నిక్షేపంగా ఇసుకలో పడి ఉంది, ముగ్గురికీ కనిపిస్తోంది. "తగిలింది హాజీ సాబ్" అన్నాను. "ఎక్కడ?" అన్నాడు. "ఎడమ అంచున." ఆయన తలాడించి, "నాకూ అలాగే అనిపించింది" అని, భాయ్ వైపు తిరిగి, "యల్లా, ఇంకొకటి" అన్నాడు. ఈసారి ఢాం ఆయనే అన్నాడు. ఆ ముసలి గొంతులో అంత పెద్ద పేలుడు ఉందని నేను అనుకోలేదు.

రెండు వారాల్లో ఈ జబ్బు క్లబ్బంతా పాకింది. మెంబర్లు తిరిగొచ్చారు, స్నేహితుల్ని కూడా వెంటబెట్టుకొచ్చారు. రేషన్ తూటాలు దాచుకుని నోటితో ఆడేవారు. ఆట అన్నాక తీర్పు ఉండాలి కదా, భుజం వెనక నిలబడి గొట్టం ఎటు పోయిందో చూసి చెప్పే పని నాకు పడింది. ఢాం ఆలస్యంగా అంటే తప్పినట్టు. రెండు ఢాంలు మించి అంటే చెల్లదు, తుపాకీకి ఉన్నవి రెండే గొట్టాలు. పొడుగాయనది "పౌ" అని చిన్న చప్పుడు, దానికి పళ్లెం పగలదని హాజీ సాబ్ అభ్యంతరం చెబితే, అది ఆయన దేశపు తూటా చప్పుడని నేను సర్ది చెప్పాను. మొదట్లో మొహమాటంతో అందరికీ తగిలిందనేవాణ్ని గానీ, వాళ్లే ఒప్పుకోలేదు. ఒకసారి హాజీ సాబ్‌కే "తప్పింది" అన్నాను. ఆయన అలిగి టీ తాగలేదు, మర్నాడు వచ్చి "నువ్వన్నది నిజం, గొట్టం ముందుకు పోయింది" అన్నాడు. గొంతులు బొంగురుపోయి అల్లం టీకి గిరాకీ పెరిగింది. ఒకరోజు పిల్లలెవరో లోపలికి వచ్చారనుకుని మేనేజర్ ఆఫీసులోంచి పరుగెత్తుకొచ్చి, గడ్డాలు నెరిసిన పెద్దమనుషులు వరసగా నిలబడి ఢాం ఢాం అనడం చూసి వచ్చిన దారినే తిరిగి వెళ్లిపోయాడు. ఇద్దరు అవసరమా అన్న మాట మళ్లీ ఎత్తలేదు.

కానీ బావ ఊరుకుంటాడా? ప్రతి చలికాలం క్లబ్బులో ఒక శుక్రవారం స్టాఫ్ రోజు ఉండేది. ఆ రోజు టీ మెంబర్లు పోస్తారు, తుపాకీ స్టాఫ్ పట్టుకుంటారు. ఎప్పుడూ మనిషికి పెట్టెడు తూటాలు ఇచ్చేవారు, ఆ ఏడాది మనిషికి ఒక్కటే అన్నారు. చుట్టాలను పిలవచ్చు. బావ వచ్చి అందరి ముందూ షరతు పెట్టాడు. "ఒక్కటి కొట్టి చూపించరా. కొడితే ఇదీ ఒక పనేనని మీ అక్కకి నేనే చెప్తాను. లేదంటే నెలాఖరుకి పెట్టె సర్దుకో, మామీర్ పోదాం." భాయ్ తన తూటా ముందే కాల్చేసి (అది ఆకాశానికి తగిలింది) బటన్ దగ్గర కూర్చుని నా చెవిలో, "పరేషాన్ గాకు తమ్మీ. రోజు జూస్తనే ఉన్నవ్ గద, గట్లనే కొట్టు" అన్నాడు. ఆ సలహానే నా కొంప ముంచింది.

తూటా పెట్టాను. తుపాకీ భుజానికి ఆనించాను. వెనక హాజీ సాబ్ టీ కెటిల్ పట్టుకుని నిలబడ్డాడు. "పుల్" అన్నాను. పళ్లెం లేచింది, గొట్టం దాని వెంట వెళ్లింది, ఇంత బాగా నా చేతులు ఎప్పుడూ తిరగలేదని నాకే తెలుస్తోంది. సరిగ్గా కలిసిన చోట, వేలు ట్రిగ్గర్ మీద పెట్టకుండా, గుండె నిండా ఊపిరి తీసుకుని, "ఢాం" అన్నాను.

పళ్లెం వెళ్లి ఇసుకలో పడింది. నేను తుపాకీ దించి, తీర్పు కోసం వెనక్కి చూశాను. తీర్పు చెప్పేది నేనే కదా. అలవాటు కొద్దీ భాయ్, "తగిలింది" అని అరిచాడు. అలవాటు కొద్దీ మెంబర్లంతా చప్పట్లు కొట్టారు. ఆ తర్వాతగానీ ఎవరికీ తట్టలేదు, తూటా ఇంకా గొట్టంలోనే ఉందని. హాజీ సాబ్ కెటిల్ కింద పెట్టి, కళ్లు తుడుచుకునేంతగా నవ్వి, "క్లబ్బులో పళ్లెం కొట్టి తూటా కూడా మిగిల్చినవాడు ఇతనొక్కడే" అన్నాడు. ఆ తూటా తీయించి, నాదని చెప్పి బీరువాలో వేరుగా పెట్టించాడు. మా బావ మాత్రం నవ్వలేదు. నన్నే చూస్తూ నోరు వెళ్లబెట్టి నిలబడ్డాడు.

తిరిగి వస్తుంటే వ్యానులో బావ నా పక్కనే కూర్చున్నాడు. నా కళ్ల ముందు ఆ పైమంచం ఊగుతోంది. సిత్రా మలుపు దగ్గర గొంతు సవరించుకున్నాడు.

"ఒరేయ్, నువ్వు మా ప్లాంటుకి రావద్దురా."

"అదేంటి బావా?"

"మాది మంటతో పని. ప్రెజర్ పెరుగుతుంది, వాల్వు తిప్పరా అంటే, నువ్వు చేతులు కట్టుకుని నోటితో కిర్రుమని ఊరుకుంటావు. మామీరు మామీరంతా లేచిపోద్ది. నీకిదే కరెక్టు. మీ అక్కకి నేను చెప్తాలే."

భాయ్ స్టీరింగ్ మీద పడి నవ్వుతున్నాడు. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి గానీ, లోపల ఎంత సంతోషం పొంగిందో చెప్పలేను. ఆ రాత్రి మహూజ్‌లో నా మంచం మీద కదలకుండా పడుకున్నాను, మంచం కూడా కదల్లేదు.

ఎండలు ముదరక ముందే సరుకు దిగింది. బీరువా నిండింది, రేషన్ పోయింది. మొదటి రోజు హాజీ సాబ్ నా తూటా తీసి నా చేతిలో పెట్టాడు. ఈసారి నిజంగానే ట్రిగ్గర్ నొక్కాను. తగల్లేదు. తప్పిందని చెప్పేవాళ్లు కూడా లేరు, చుట్టూ అందరూ వాళ్ల వాళ్ల తూటాలు పేల్చుకుంటున్నారు. పొడుగాయన మళ్లీ ముక్కల్ని కాల్చడం మొదలెట్టాడు, ఇసుక దిబ్బకు మళ్లీ దెబ్బలు మొదలయ్యాయి. నేను మూల పడేసిన పార వెతుక్కున్నాను. భుజం వెనక నిలబడ్డ నన్ను తగిలిందా అని అడిగే పని ఎవరికీ లేకపోయింది. దానికి నాకు బాధ వేసింది, ఆ బాధ ఎవరికి చెప్పుకోవాలో మాత్రం తెలియలేదు.

ఇప్పుడు నేను అదే క్లబ్బు కౌంటర్లో కూర్చుంటున్నాను, టీ ఇంకొకరు పోస్తారు. భాయ్ నిజామాబాద్ వెళ్లి టైర్ల కొట్టు పెట్టాడు. హాజీ సాబ్ లేడు. సాయంత్రం పూట పని తగ్గితే చెవులకు మఫ్‌లు పెట్టుకుని మైదానం దాకా వెళ్లి నిలబడతాను. ఎవరో కొత్త మనిషి "పుల్" అంటాడు, పళ్లెం లేస్తుంది. గొట్టం దాన్ని కలిసిన చోట నా నోరు దాని పని అది చేసుకుంటుంది. అందరి చెవులకూ మఫ్‌లే, అంత మోతలో ఎవరికీ వినపడదు. చెప్పడానికి వెనక భాయ్ లేడు కాబట్టి, అది తగిలిందని నేనే అనుకుని లోపలికి వచ్చేస్తాను.