మూసినా మూతపడని పోర్టు

దెయ్యాల కబుర్లంటే నాకు ఒళ్లు మంట. మా ఘాట్‌రోడ్డు మీద జీపు తోలే ప్రతివాడి దగ్గరా ఒక తెల్లచీర కథ ఉంటుంది. "తాగి చూశావా, తాగకుండా చూశావా?" అని మొహమ్మీదే అడిగేసేవాణ్ణి. ఇళ్లకీ ఆఫీసులకీ ఇంటర్నెట్ సరిచేసి బతుకుతున్నాను. ఏది చెడినా దానికో కారణం ఉంటుంది, లేకుండా ఎలా పోతుంది? ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను పిచ్చివాడనుకోకండి.

మాది అరకు నుంచి పాడేరు వెళ్లే దారిలో చిన్న ఊరు. మా చెల్లి రూతు అరకులో నర్సుగా చేసేది. పోయిన వానాకాలం మలేరియా మెదడుకెక్కి, చూస్తుండగానే పోయింది. ఎంతమందికో ఆ జ్వరమే తగ్గించిన పిల్ల. తలుచుకుంటే దేవుడి మీద నాకు ఇప్పటికీ కోపమే.

చర్చిలో పాటలు పాడించేది రూతే. ఆ రికార్డింగులన్నీ మా ఇంట్లో పాత కంప్యూటర్‌లో ఉన్నాయి. ఫోన్లలో వినడానికి వీలుగా నేనే దాన్ని సర్వర్‌గా మార్చాను. రూతు పోయాక అమ్మ పొద్దస్తమానం ఆ పాటలే పెట్టుకుని కూర్చునేది.

ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చి చూస్తే, బయటివాళ్లెవరో సర్వర్‌లోకి దూరాలని ప్రయత్నించిన జాడలు కనిపించాయి. ఆ పాటలు కాస్తా చెరిపేస్తే? ముందు పాటలన్నీ వేరే డిస్కులోకి ఎక్కించి, స్కాన్ పెట్టాను.

"ఏటి సేత్తన్నావురా?" అంది అమ్మ.

పోర్టులంటే ఆవిడకి ఎలా చెప్పను? "ఈ పెట్టెకి బోలెడు తలుపులుంటాయమ్మా. ఏవి తీసున్నాయో చూస్తున్నాను," అన్నాను.

నేను తీసిపెట్టినవి రెండే. స్కాన్‌లో మూడోది కనిపించింది. సర్వర్‌లో చూస్తే ఆ పోర్టు మీద ఏ ప్రోగ్రామూ నడవడం లేదు. బయటివాళ్లని ఆపే ఫైర్‌వాల్‌లో దాన్ని మూసేశాను. మళ్లీ స్కాన్ చేస్తే తెరిచే ఉంది. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను, అదే వరస. రౌటర్‌లో వెతికాను. అదే నెట్‌వర్క్ అడ్రస్‌తో ఇంట్లో ఇంకో పరికరం ఉందేమో చూశాను. లేదు.

చిర్రెత్తుకొచ్చి నేరుగా ఆ పోర్టుకే కనెక్టయ్యాను. తెరిచున్న పోర్టు చాలాసార్లు తానెవరో ఒక లైనులో చెప్పుకుంటుంది. ఇదీ చెప్పింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట.

"అన్నియ్యా, గెడెట్టకు. వచ్చేత్తన్నాను."

అది రూతు మాట. మనిషి బయటుండగా మా ఇంట్లో తలుపుకి గెడ పెట్టరు, అది అమ్మ పట్టింపు. అందుకే డ్యూటీ దిగి బస్సెక్కే ముందు రూతు రోజూ నాకు ఆ మెసేజ్ పంపేది. పంపింది నా ఫోన్‌కి. సర్వరంతా గాలించాను, అందులో ఆ మాట ఎక్కడా లేదు.

నా మొహం చూసి అమ్మ అడిగింది. చదివి వినిపించాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లేచి వీధి తలుపు బార్లా తీసి, గుమ్మంలో కూర్చుంది. బయట జోరున వాన. జల్లు కొడుతున్నా లేవలేదు, అన్నం ముట్టలేదు. నేనూ పక్కన కూర్చుని రోడ్డు వైపే చూశాను.

మసక పడుతుండగా అమ్మ లేచింది.

"ఆ పెట్టె తలుపు మూసెయ్‌రా. తీసుంటే రూతు గుంట వద్దామనే సూత్తాది. రాలేకపోతంది. వానలో ఎంతసేపని నిలబడతాది? మూసెయ్, ఎళ్లిపోనీ."

మధ్యాహ్నం పనిచెయ్యని కమాండే మళ్లీ కొట్టాను. ఒక్క అక్షరం మార్చలేదు. ఈసారి మూతపడింది.

విశాఖలో తెలిసిన ఇంజినీరుకి స్కాన్ ఫలితాలన్నీ పంపాను. మొదట నవ్వాడు. తర్వాత ఫోన్ చేసి, "నాకేం అర్థం కావట్లేదు గురూ," అన్నాడు. నాకూ అంతే. ఆ పోర్టు ఎలా తెరుచుకుందో, ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో ఈ రోజుకీ చెప్పలేను.

అమ్మ మళ్లీ ఆ ఊసెత్తలేదు. నేను మాత్రం రోజూ స్కాన్ పెడుతున్నాను, భద్రత కోసమని ఆవిడకి చెప్పి. ప్రతిసారీ ఆ పోర్టు మూసే ఉంటోంది. మా పనిలో అంతకంటే కావలసిందేముంది? నాకు మాత్రం అది చూసినప్పుడల్లా ఏడుపొస్తుంది.