మసకబారిన స్కాచ్ సీసా

గల్ఫ్‌లో, అబుదాబి దిక్కు రువైస్‌లో నేను వంట చేసిపెట్టిన సాబ్ స్కాట్లాండ్ వాడు, రిఫైనరీలో ఇంజినీరు. ఎనభైల నడుమ ఒక వేసవిలో సెలవు మీద ఊరికి వెళ్తూ, అల్మారాలో ఒక సీసా చూపించి దాన్ని మాత్రం ముట్టొద్దన్నాడు. అది ఒకే ఒక్క పీపాలోంచి నింపిన విస్కీ. వేరే పీపా సరుకు చుక్క కూడా కలపలేదట. పీపా నంబరు చీటీ మీద చేత్తో రాసి ఉంది. ఆ విస్కీ కాచిన భట్టీలోనే వాళ్ల నాయన పీపాలు బిగించేవాడట. మొలకెత్తిన బార్లీని పొగమీద ఆరబెట్టి, నానబెట్టి పులియబెట్టి, రాగి బానల్లో కాచేవారట. ఇప్పుడా భట్టీ మూతపడింది. అలాంటి సీసా మళ్లీ దొరకదు.

సాబ్ వెళ్లిన వారానికి ఏసీ చెడిపోయింది. ఇల్లు కుంపటైంది. మా నాయన తాళ్లు గీసి కల్లు దించేవాడు. పొద్దెక్కితే కల్లు ఏమవుతుందో నాకు తెలియనిదా? పెద్ద తెలివైనవాడిలా సీసాను ఫ్రీజర్‌లో పెట్టాను.

సాబ్ వచ్చే రోజు పొద్దున తీసి చూస్తే, తేనెరంగు విస్కీ కుడితినీళ్లలా మసకబారి ఉంది. ఆ నెలతో నా వీసా అయిపోతోంది. నన్ను ఉంచుకుంటానని సాబ్ కంపెనీ మేనేజరుకు, అదే ముదీర్‌కు, కాగితం ఇస్తేనే కొత్తది వస్తుంది. పక్కింటి డ్రైవరు మా జగిత్యాల దిక్కువాడే. సీసా చూసి పళ్లికిలించాడు.

"నీ పని ఖలాస్ రా భయ్. పెట్టె సదురుకో."

వాడి పళ్లు రాలగొట్టాలనిపించింది.

సాబ్ రాగానే సీసా ఎదురుగా పెట్టి, ఏసీ సంగతీ కల్లు సంగతీ నాకొచ్చిన హిందీలో ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆయన దాన్ని కిటికీ వెలుగులోకి ఎత్తి చూసి పకపకా నవ్వాడు.

"ఖరాబ్ నహీ హువా!"

మిగతా విస్కీల్లా దాన్ని మరీ సన్నగా వడకట్టరట. అందుకే చలికి మసకేస్తుందట. బల్లమీద పెట్టి వదిలేస్తే భోజనాల వేళకు తేటపడింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"సాబ్, వీసా కాగజ్..." అని నసిగాను.

"వో తో జానే సే పహ్లే దియా. ముదీర్ నహీ బోలా?"

సెలవుకు వెళ్లకముందే ఇచ్చేశాడట! ముదీర్ నాకు చెప్పనేలేదు. వంటింట్లోకి పోయి ముదీర్‌ను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. తిడుతూనే ఏడ్చాను.