సీసాలో చీటీ

మొన్న రాజాంలో, నేను పాఠాలు చెప్పే డిగ్రీ కాలేజీలో ప్రాక్టికల్స్ జరుగుతున్నాయి. ఓ అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి పెన్సిల్ చెక్కుతోంది. ఆ పొట్టు వాసనా, పక్కనే ఎవరో మూత తీసి వదిలేసిన స్పిరిట్ సీసా వాసనా కలిసి ముక్కుకు తగిలాయి. అంతే, ఉన్నచోటే ఆగిపోయాను. సంతకం కోసం పిల్లలు రెండుసార్లు పిలిచారట, నాకు వినబడలేదు. నా కళ్ళ ముందు అప్పన్న బాబాయ్ ఖాకీ చొక్కా జేబు ఉంది. అందులో ఎప్పుడూ మూడో నాలుగో పొట్టి పెన్సిల్ ముక్కలుండేవి.

అప్పన్న బాబాయ్ నాకు చుట్టం కాదు. నేను పీహెచ్‌డీ చేసిన జువాలజీ విభాగంలో ల్యాబ్ అటెండరు. ఇరవై ఏళ్ళకు పైగా అక్కడే పనిచేస్తున్నా పర్మనెంట్ కాలేదు. నేను ఆమదాలవలస నుంచి రోజూ రెండు ఆటోలు మారి వెళ్ళేదాన్ని. పీహెచ్‌డీ అంటే తెలివితేటల పని అనుకుని చేరాను. నిజానికది కూర్చునే పని. ముందు ప్రీ పీహెచ్‌డీ పరీక్ష, తర్వాత ఆరు నెలలకోసారి ప్రగతి నివేదిక, దాని మీద నాలుగు సంతకాలు. పెట్టాల్సినాయన సెలవులో ఉంటే వరండాలో బెంచీ. ఆ బెంచీ మీద నా ఒంట్లో ఉన్న ఓపికంతా అరిగిపోయింది. అటుగా వెళ్తూ బాబాయ్ అడిగేవాడు. "ఏటి తల్లీ, ఈయేల ఏ సంతకం?"

నా పరిశోధన నత్తల మీద. వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర, వానాకాలంలో ఉప్పు తగ్గి నీళ్ళు తియ్యబడితే బురదలో నత్తలు ఏమవుతాయన్నది ప్రశ్న. నెలకోసారి, నీరు వెనక్కి తీసిన వేళ మోకాలి లోతు బురదలో దిగి, అయిదు చోట్ల నత్తలు ఏరి, చోటుకో సీసాలో స్పిరిట్ పోసి దాచాలి. బాబాయ్‌కి ఓ పద్ధతి ఉంది. దళసరి కాగితం ముక్క మీద, స్పిరిట్‌కు చెరగదని, పెన్సిల్‌తో చోటు, తేదీ, నీటి తీరు, ఆకాశం తీరు రాసి, ఆ చీటీని సీసా లోపల నత్తలతో పాటు స్పిరిట్‌లోనే వేయాలి. సీసా పైన ఏం రాసినా ఆయన దాన్ని రాతగా లెక్కచెయ్యడు.

నాకది చాదస్తంగా తోచింది. మార్కర్ పెన్ను కొనుక్కొచ్చి సీసాల పైన చకచకా రాసేశాను. "ఇది పర్మనెంట్ మార్కర్ బాబాయ్, దీని మీదే రాసుంది చూడు" అన్నాను. ఆయన పెన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "రాసినంత మాత్రాన పర్మనెంటయిపోతే నానెప్పుడో అయిపోదును" అని నవ్వి ఇచ్చేశాడు. నేనూ నవ్వాను.

అయిదో ఏడు వేసవిలో లెక్కలు కడదామని వానాకాలం పెట్టె దించాను. ఒక మూత వదులైంది కాబోలు, స్పిరిట్ కారి సీసాలన్నీ తడిసి ఉన్నాయి. వాటి మీద నల్లటి మరకలు తప్ప ఒక్క అక్షరం లేదు. నాలుగు నెలల సీసాలు, ఇరవై! అవి లేకపోతే థీసిస్ లేదు. నా రిజిస్ట్రేషన్‌కు మిగిలింది ఒక్క ఏడాది. వచ్చే వానలకు మళ్ళీ ఏరితే లెక్కలకూ రాతకూ కలిపి అయిదారు నెలలు దక్కుతాయి. గడువు దాటితే అయిదేళ్ళూ బూడిదలో పోసినట్టే. ఏడుపు కూడా రాలేదు. తలుపు దగ్గరికి వేసి, బాబాయ్ పెన్సిల్ ముక్కే తీసుకుని చీటీలు రాయడం మొదలుపెట్టాను. ఇది ఇసుక దిబ్బ దగ్గరిది, ఇది మడ చెట్ల దగ్గరిది, ఇది ఆగస్టుది.

బాబాయ్ ఎప్పుడొచ్చాడో వెనక నిలబడి ఉన్నాడు.

"ఏటి సేస్తన్నావు తల్లీ?"

"నాకు గుర్తుంది బాబాయ్. అన్నీ నేనే ఏరాను కదా."

"ఇరవయ్యీ గుర్తున్నాయా?"

రాస్తున్న చీటీని అరచేతి కింద దాచాను.

"సూడు, నువ్వు అబద్ధాలాడీ మనిసివి కావు. అలిసిపోనావు, అంతే. అలిసిపోనప్పుడు మనకి ఏది కావాలో అదే గుర్తొస్తాది" అన్నాడు. కోప్పడలేదు. గైడు సారుకు చెప్తాననీ అనలేదు. సీసాలు కడిగే తొట్టెలో నీళ్ళు పట్టడానికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం దాకా ఆ చీటీలు పట్టుకుని కూర్చున్నాను. సిగ్గేసింది, ఆయన మీద ఒళ్ళు మండింది కూడా. చివరికి వెళ్ళి మా గైడు సారుకు జరిగింది చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "మళ్ళీ చెయ్యడమే అమ్మా. గడువు పెంచుతారని మాత్రం ఆశ పెట్టుకోకు" అన్నారు. ఆ ఇరవై సీసాలూ నా చేతులతోనే తొట్టెలో గుమ్మరించాను.

ఆ వానాకాలం నాలుగు నెలలూ, వెళ్ళిన ప్రతిసారీ బాబాయ్ ఆ రోజుకు సెలవు పెట్టుకుని నాతో మొగకు వచ్చాడు. మోకాళ్ళ నొప్పులతో బురదలో దిగలేక గట్టు మీద గొడుగు పట్టుకుని కూర్చునేవాడు. "బేగి రా తల్లీ, నీరెక్కతన్నాది" అని కేకేసేవాడు. నేను సీసా అందిస్తే ఒళ్ళో అట్ట పెట్టుకుని ఆయనే చీటీ రాసేవాడు.

గడువుకు పదకొండు రోజుల ముందు థీసిస్ ఇచ్చాను. వైవాకు వచ్చిన పరీక్షకుడు ఒక సీసా తెప్పించి, చీటీ చదివి, "వాన వెలిసిన గంటకు అని కూడా రాశారే!" అన్నారు. ఆ తర్వాత నన్ను పెద్దగా అడిగిందేమీ లేదు.

అందరూ స్వీట్లు తింటుంటే బాబాయ్ చేతులు తుడుచుకుని, "నా సేతికోపాలి ఇయ్యి తల్లీ" అని థీసిస్ అందుకున్నాడు. సీసాల పేర్లు చదివి చదివి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం ఆయనకు వచ్చు. కృతజ్ఞతల పేజీ దగ్గర ఆగాడు. ఆయన వేలు ఒక్కో పేరు మీదుగా కిందికి దిగింది. చివరి వరుస దాకా వెళ్ళింది. అప్పుడు తెలిసింది నాకు. ఆ పేజీని అన్నిటికన్నా చివర, నిద్రమత్తులో, ఓ సీనియర్ థీసిస్‌లోంచి తీసుకుని పేర్లు మాత్రం మార్చాను. అందులో అటెండరు వరుస లేదు. నా దాంట్లోనూ లేదు.

"బాగున్నాది తల్లీ. అట్ట గట్టిదే ఏసారు" అని మూసి ఇచ్చేశాడు.

వరండాలోకి ఆయన వెనకే పరిగెత్తాను. "బాబాయ్, మర్చిపోయాను. నిజంగా మర్చిపోయాను" అన్నాను.

"మరి, మర్సిపోతావనే కదా సీటీ ఎయ్యమన్నాది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు నాకింకా మింగుడుపడలేదు.

మరుసటి వారం విభాగం లైబ్రరీకి వెళ్ళి, నా థీసిస్ తీసి, దళసరి కాగితం మీద పెన్సిల్‌తో ఆయన పేరు రాసి ఆ పేజీలో పెట్టి వచ్చాను. అదింకా ఉందో, ఎవరైనా దులిపేశారో తెలియదు. బాబాయ్‌ని ఆ మరుసటి ఏడాది పనిలోంచి తీసేశారు. వెళ్ళి చూసొద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో, వెళ్ళలేదు. ఏం ముఖం పెట్టుకుని వెళ్ళను?

మొన్న ప్రాక్టికల్స్‌లో పెన్సిల్ చెక్కిన ఆ అమ్మాయే మార్కర్ తీసి సీసా పైన రాయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. "చీటీ రాసి లోపల వెయ్యి" అన్నాను.

"ఏం కాదు మేడమ్, నాకు గుర్తుంటుంది" అంది.