సున్నం పడిన చేపల తొట్టి

బెల్లంపల్లి క్వార్టర్లలో, మా లైన్‌లో ఇప్పటికీ ఒక మాట నడుస్తుంది. పంపు బుచ్చిరాములు రెండో పెండ్లాం రాజక్క, కాన్పుకు వస్తున్న సవతి బిడ్డకు దక్కకూడదని, చేపల తొట్టికి సున్నం కొట్టి చేపలను చంపిందట. మొగుడు ఆమెకు భయపడి నోరెత్తలేదట.

బుచ్చిరాములు మామది మా పక్క క్వార్టర్. ఏడో తరగతిలో బడి మానిపించాక నేను ఎక్కువగా పెరట్లోనే ఉండేదాన్ని. రెండు పెరళ్ల మధ్య నడుమెత్తు గోడ. మామ బొగ్గుబాయిలో పంపు నడిపేవాడు. బాయి అడుగున ఊరే నీళ్లను పైకి తోడించే మనిషికి ఇంట్లో నీళ్లు దొరికేవి కావు. మా లైన్‌కు నల్లా దినం విడిచి దినం వచ్చేది. పెరట్లో ఏ కూర వేసినా ఎండిపోయేది.

చేపలున్న నీళ్లు కూరకు పోస్తే వేరే ఎరువు అక్కర్లేదని చెప్పింది రాజక్క. ఆమె ఖానాపూర్ రైతుల బిడ్డ. పోసిన నీళ్లను వృథా పోనివ్వకుండా మళ్లీ తొట్టిలోకే దించడం మామ ఆలోచన. పాత సిమెంటు తొట్టిలో జిలేబీ చేపపిల్లలను వదిలాడు. తొట్టి మీద అడ్డంగా రెండు కర్రలు, వాటి మీద అడుగున చిల్లులు కొట్టిన రేకు పెట్టె, దాని నిండా గులకరాళ్లు, రాళ్ల సందుల్లో పుంటికూర, తోటకూర. పొద్దున, సాయంత్రం తొట్టి నీళ్లు చెంబుతో ముంచి రాళ్ల మీద పోస్తే వేర్లను తడిపి, తేటపడి, బొట్టు బొట్టుగా చేపల దగ్గరికే దిగేవి. బొగ్గు మసి పడే ఆ పెరట్లో ఎండాకాలం కూడా పచ్చగా కనిపించిన చోటు అదొక్కటే.

అదంతా బాలలక్ష్మి కోసం. చనిపోయిన మొదటి భార్య కూతురు. మామ మళ్లీ పెండ్లి చేసుకున్నాక ఆ పిల్ల ఈ ఇంట్లో ఒక్క పూట ఉండలేదు. అలాంటిది తొలి కాన్పుకు వస్తానని ఒప్పుకుంది. ఒంట్లో రక్తం తక్కువగా ఉంది, ఆకుకూరలు, చేపలు పెట్టమని డాక్టరు చెప్పిందట. "దసరాకు నా బిడ్డ వస్తది. గప్పటికి చేపలు చెయ్యంతైతయ్" అని మామ కనిపించిన వాళ్లందరికీ చెప్పేవాడు.

ఆ ఏడు బతుకమ్మకు నేను మంచిర్యాలలో అమ్మమ్మ దగ్గర ఉండి, దసరా ముందు రోజు పొద్దున వచ్చాను. చెప్పులింకా విడవలేదు, గోడ అవతల గోల. చేపలన్నీ పొట్టలు పైకి చేసి తేలుతున్నాయి. ఇంటి గోడలకూ, తొట్టి లోపలికీ కొత్త సున్నం. రాజక్క వంగి చేపలను ఒక్కొక్కటే ఏరుతోంది. మోచేతుల దాకా తెలుపు.

"అయ్యో! ఇంటికి సున్నం కొడ్తరు గని చేపలకు కొడ్తరానే?" ఎదురింటి శంకరవ్వ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "సవతి బిడ్డ నోట్లె మన్ను కొట్టినవ్ గదనే రాజక్కా!"

రాజక్క తలెత్తి గుమ్మంలో నిలబడ్డ మొగుణ్ణి చూసింది. మామ ఒకడుగు లోపలికి జరిగాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

బాలలక్ష్మి వచ్చిన రోజే ఆమె చెవిన ఈ మాట పడింది. రాజక్క వండినది ముట్టేది కాదు. "ఆకలైత లేదు చిన్నమ్మా" అనేది, కాసేపటికి శంకరవ్వ ఇంట్లో తొక్కుతో అన్నం తినేది. మొహం పాలిపోయింది, కాళ్లకు నీరు దిగింది.

మామ తొట్టి పని మళ్లీ మొదలుపెట్టాడు. ఇటుక ముక్కతో సున్నమంతా గీకి, చింతపండుతో రుద్ది, నీళ్లు నింపడం, పారబోయడం. నల్లా నీళ్లు మందు వాసన పోయేదాకా ఎండలో ఉంచేవాడు. తుప్పు పట్టిన రేకు పెట్టె తీసేసి, కుమ్మరి దగ్గర మట్టి బేసిన్లు చేయించాడు. తోటి పనివాడు గ్రీజు డ్రమ్ము కోసి తెచ్చిస్తే వెనక్కి పంపాడు. "దాంట్ల ఏమేం పోసిండ్రో ఎవనికెరుక? తినేది నా బిడ్డ." గోదావరి నుంచి తెచ్చిన గులకరాళ్ల మీద నిమ్మరసం పిండి చూసేవాడు. నురగ వస్తే అది సున్నపురాయి, అవతల పారేసేవాడు. ఆఖరికి ఒక్కటంటే ఒక్క చేపను వదిలి, దాని ముందు గొంతుక్కూర్చున్నాడు.

ఇంకోటి కూడా మొదలైంది. రాజక్క బదులు ఆయనే బిందెలు పట్టుకొని నల్లా దగ్గర ఆడవాళ్ల వరుసలో నిలబడేవాడు.

"ఏం బుచ్చిరాములూ, కొంగుకు ముడేసుకున్నదా నిన్ను?" అని శంకరవ్వ అంటే అందరూ నవ్వేవారు. రాజక్క మాత్రం గుమ్మంలో బిందె అందుకొని లోపలికి పోయేది.

కొత్త బేసిన్లలో పుంటికూర తొలిసారి కోతకొచ్చిన నాడు కోయడానికి నన్నూ పిలిచారు. రాజక్క పప్పులో వేసి వండింది. మామ తనే కంచంలో వడ్డించి బిడ్డ ముందు పెట్టాడు.

"ఎవరు వండిండ్రు బాపూ?"

"చిన్నమ్మ."

బాలలక్ష్మి కంచం జరిపింది. "చేపల పానం తీసిన చెయ్యి నా కడుపుల బిడ్డను ఇడుస్తదా? నేను తిన."

పొయ్యి దగ్గర నుంచి రాజక్క మొగుడితో అంది, "ఇగనన్న నోరు తెరువు."

మామ నేల చూశాడు. "గా సున్నం నేను కొట్టిన బిడ్డా. బాయిల పంపు కాడ ఏడాదికోసారి కొడ్తం. తెల్లగుంటే చీకట్ల పానానికి రక్ష. చేపలకు గూడ గంతే అనుకున్న. ఇల్లంత కొట్టినంక జర మిగిలింది. తొట్టికి పాచి పట్టిందని లోపల కొట్టి, ఆరినంక నీళ్లు నింపి చేపలను ఇడ్చిన."

"మరి గా దినం ఎందుకు చెప్పలే?"

"రాక రాక వస్తుంటివి. నా చేతుల్నే పోయినయంటే నా మొకం చూస్తవో చూడవో అనుకున్న. నీకు చిన్నమ్మంటే ఎట్లైనా పడదాయె... ఆమె మీదికి పోతే పోనీ అని ఊకున్న."

రాజక్క లేచి పెరట్లోకి పోయింది. రాళ్ల మీద చెంబుతో నీళ్లు పోస్తున్న చప్పుడు వినిపించింది. బాలలక్ష్మి కంచం దగ్గరికి జరుపుకొని తిన్నది. చెయ్యి కడుక్కోకుండానే పెరటి గుమ్మం దాకా పోయి, "చిన్నమ్మా, ఇంకింత వెయ్యవా?" అంది. మామ ఆ పూట తినలేదు.

మరునాడు నల్లా దగ్గర కూడా ఆయన అదే చెప్పాడు. శంకరవ్వ నవ్వింది. "మొగోడు ఇంటికి సున్నం కొడ్తడా? పెండ్లాం చెప్పమన్న ముచ్చట చెప్తుండు." అందరూ అదే నమ్మారు.

బాలలక్ష్మికి ఆడపిల్ల పుట్టింది. తొట్టిలో చేపలు పెరిగాయి. కోసేటప్పుడు మాకూ పంపేవారు. మామ మాత్రం "నాకు పడయ్" అనేవాడు. రాజక్క కూడా తినమని అడిగేది కాదు.

తొట్టికి సున్నం పడిన రోజున రాజక్క అసలు బెల్లంపల్లిలోనే లేదు. బతుకమ్మకు ఖానాపూర్‌లో తల్లి దగ్గర ఉంది. మరునాడు పొద్దున బస్సు దిగి, చేతి సంచి గడప మీద పెట్టి, నేరుగా తొట్టి దగ్గరికి పోయింది. పండక్కి ఆమెను పుట్టింటికి బస్సెక్కించి వచ్చింది శంకరవ్వే.