టీ రంగు చొక్కాలు

మనవరాలి ఫుట్‌బాల్ చొక్కా ఉతకడానికి తీస్తే బురద, తడి గడ్డి, నొప్పుల మందు కలిసిన వాసన గుప్పుమంది. మెల్‌బోర్న్ శివారు క్లైడ్ నార్త్‌లోని ఈ కొత్త ఇంటికి ఇంకా తనదంటూ ఒక వాసన రాలేదు. ఈ వాసన మాత్రం నన్ను తీసుకుపోయి బెప్పె అంకుల్ ముందు నిలబెట్టింది.

ఆయన ఇటలీ మనిషి. వయసులో ఉండగా ఓడెక్కి మెల్‌బోర్న్ వచ్చి, ఇటుకల బట్టీలో తనతో పనిచేసే ఇటలీ వాళ్లను పోగేసి చిన్న ఫుట్‌బాల్ క్లబ్ పెట్టాడు. నేను ఆ క్లబ్‌లో పనికి చేరేనాటికి ఆయనకు ఎనభై దగ్గర పడుతున్నాయి. ఆటగాళ్ల చొక్కాలు లెక్కగా అందించడం ఆయన పని, వాటిని ఉతకడం నా పని. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఇంగ్లీషు ఇద్దరికీ అంతంత మాత్రమే కాబట్టి ఒకరి మాట ఒకరికి బాగా అర్థమయ్యేది. ఆయన అన్నవి ఇక్కడ నా మాటల్లో చెబుతున్నాను.

చేరిన వారంలోనే చొక్కాలన్నిటికీ గంజి పెట్టాను. గంజి పెట్టని బట్ట మడత పెట్టడం మా తెనాలి ఇంట్లో ఎరగం. శనివారం వాటిని తొడుక్కున్న పిల్లలు అట్టపెట్టెల్లో దూరినట్టు నడిచారు. పైగా వాన పడింది. ఒళ్లంతా జిగురు. కెప్టెన్ వచ్చి, "వాట్ ఈజ్ దిస్, ఆంటీ? రైసా?" అన్నాడు. ఉద్యోగం ఊడిందనుకున్నాను. బెప్పె అంకుల్ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి బల్ల చూపించాడు.

"కూర్చో రమానా. మా అమ్మ నీకంటే ఘనకార్యం చేసింది." రమణ అన్న నా పేరు ఆయన నోట్లో అలా సాగేది.

ఆ రోజు విన్నాను వాళ్ల ఊరి క్లబ్ కథ. కొండమీద చిన్న ఊరు. పెద్ద జట్ల దరిదాపులకు ఎన్నడూ పోని క్లబ్. ఉన్నవి ఒక్క జత తెల్ల చొక్కాలు. వాటిని ఉతికే అస్సుంటా, అంటే బెప్పె తల్లి, ఉన్నికి రంగు వేసిన కాగులోనే మరిచిపోయి వాటిని ఉడకబెట్టింది. తెల్లారేసరికి అన్నీ టీ రంగు. ఊరంతా తిట్టింది. వేరే దారిలేక అవే వేసుకుని ఆడి, గెలిచి, పోటీల్లో పై మెట్టు ఎక్కారు. ఆ తర్వాత రంగు మార్చనివ్వలేదు ఊరు. మెల్‌బోర్న్ క్లబ్‌కూ బెప్పె అదే రంగు పెట్టాడు. ఏటా మొదటి ఆట రోజున చొక్కాలు పంచుతూ ఈ కథ చెప్పి, చివర తల్లి పేరు గట్టిగా అనేవాడు. పిల్లలంతా తిరిగి అనాలి. అన్నాకే చొక్కా.

పక్షవాతం వచ్చి మాట పడిపోవడం మొదలైనప్పుడు నన్ను పిలిపించాడు.

"మా ఊళ్లో క్లబ్ మూడుసార్లు మూతపడింది. ప్రతిసారీ కొత్త పేరు, కొత్త కాగితాలు. అమ్మ పేరు ఏ కాగితంలోనూ ఎక్కలేదు. నువ్వు విన్నది మరిచిపోవు. నేను చెప్పలేని రోజున నువ్వు చెప్పు."

"చెబుతా అంకుల్," అన్నాను. చేతిలో చెయ్యి వేసి మరీ అన్నాను.

ఆ రోజు తొందరగానే వచ్చింది. మా క్లబ్‌ను పక్కనున్న పెద్ద క్లబ్‌లో కలిపేశారు. వీడ్కోలు భోజనాల దగ్గర కుర్ర ప్రెసిడెంట్ మైకు పట్టుకుని కాగితంలోని చరిత్ర చదివాడు. ఈ రంగు తాతల ఊరి మట్టి రంగట. అందరూ చప్పట్లు కొట్టారు. చక్రాల కుర్చీలో బెప్పె అంకుల్ తల అడ్డంగా ఊపాడు. వంకరపోయిన నోటితో, "రమానా" అన్నాడు. ఆ ఒక్క మాటే మిగిలింది ఆయనకు.

నా చేతిలో శాండ్‌విచ్‌ల ట్రే ఉంది. నన్ను ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చిన మా అబ్బాయి మోచెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మా, ప్లీజ్. సీన్ చెయ్యకు. అది వాళ్ల క్లబ్."

"ఒక్క పేరురా."

"నీ ఇంగ్లీషుకి నవ్వుతారమ్మా. నాకు షేమ్."

ట్రే పట్టుకుని పక్క బల్లకు వెళ్లాను. తిరిగి వచ్చేసరికి బెప్పె అంకుల్ ముఖం గోడవైపు తిప్పుకుని ఉన్నాడు. తర్వాత రెండుసార్లు ఆయన్ని చూడ్డానికి వెళ్లాను. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ నా పేరు అనలేదు. ఆ చలికాలంలోనే పోయాడు.

మా అబ్బాయి ఆ సంగతి ఎప్పుడో మరిచిపోయాడు. నేను వాణ్ణి తప్పు పట్టడం కూడా మానేశాను. చెయ్యి పట్టుకున్నాడు గానీ నోరు మూయలేదు కదా. చొక్కా తిరగేసి, అంకెలు ఎండకు వెలిసిపోకుండా ఆయన నేర్పినట్టే ఆరేస్తూ ఆ కథ మొదటినుంచీ చెప్పుకుంటాను. చివరికొచ్చాక పేరు గట్టిగా అంటాను.

"హూ ఈజ్ అస్సుంటా, నానమ్మా?" అంటుంది మనవరాలు.

దానికి చెబుతాను. చెప్పిన ప్రతిసారీ ఒకటే గుచ్చుకుంటుంది. ఆ రోజు ఆయన నన్ను అడిగింది ఆ పేరొక్కటే. ఆ పేరు అనడానికి ఇంగ్లీషు అక్కర్లేదు.